పడవను గట్టెక్కించే చోటు

దూరప్రయాణాలు చేసే తెరచాప పడవ ఎంత గట్టిగా కట్టినదైనా ఏడాదికో రెండేళ్లకో ఒకసారి నీళ్లలోంచి బయటికి రావాల్సిందే. నీటిలో మునిగి ఉండే భాగం మీద సముద్రంలో గుల్లజీవులు అతుక్కుంటాయి, మంచినీటిలో నాచు పేరుకుంటుంది. అడుగు గరుకెక్కిన కొద్దీ వేగం తగ్గుతుంది. ఉప్పునీటిలో చెక్కను లోపల్లోపలే తొలిచేసే ఓడపురుగు ఒకటుంది. పేరుకు పురుగే గానీ అది ఆల్చిప్పల జాతి జీవి. ఫైబర్‌గ్లాస్ పడవకు ఈ బెడద లేదు. దాని బాధ వేరు. రెసిన్ పొరలోకి నీరు మెల్లమెల్లగా ఇంకి, లోపల మిగిలిపోయిన రసాయనాలను కరిగించుకుని, పైపూత కింద బొబ్బలు లేపుతుంది. చుక్కాని బుష్షులు, ప్రొపెల్లర్ గొట్టం, అడుగున నీరు లాగే వాల్వులు, వీటి పని ఏదైనా సరే పొడినేల మీదే జరగాలి.

ఈ పని జరిగే చోటు పడవల యార్డు. అక్కడ బిల్లు ప్రధానంగా రెండు పద్దుల మీద పెరుగుతుంది: పడవను ఎత్తి దించడం ఒకటి, పనివాళ్ల కూలి రెండోది. నేల అద్దె, కరెంటు, నీళ్లు ఆ తర్వాతి లెక్క. సంపన్నుల పడవలు ఆగే యార్డుల్లో సొంతదారు బ్రష్షు పట్టుకోవడానికి కూడా వీల్లేదు. పని మొత్తం యార్డు మనుషులే చేయాలి. ఇంకో రకం యార్డులు పడవను ఎత్తి, దిమ్మెల మీద నిలబెట్టి, తాళం సొంతదారు చేతికే ఇస్తాయి. గీకుడు, పుట్టీ, రంగు, వడ్రంగం అన్నీ ఆయనే చేసుకోవచ్చు, లేదా తనకు నచ్చిన మేస్త్రీని తెచ్చుకోవచ్చు. చిన్న ఆదాయంతో పడవ నడిపేవాళ్లు ప్రపంచమంతటా వెతికేది ఈ రెండో రకాన్నే. అక్కడ కూలి పద్దు దాదాపు మాయమవుతుంది. ఎత్తుడు పద్దు మాత్రం మిగిలే ఉంటుంది. చవకైన యార్డు కోసం వెతకడమంటే చివరికి పడవను చవకగా ఎత్తే మార్గం కోసం వెతకడమే.

నీటి మీద పడవకు బరువు లేనట్టే. అది పక్కకు తోసిన నీటి బరువే దాన్ని మోస్తుంది. ఆ భారం అడుగంతటా సమంగా పరుచుకుని ఉంటుంది. గట్టెక్కగానే లెక్క తారుమారవుతుంది. 36 అడుగుల తెరచాప పడవ ఆరేడు టన్నులు తూగుతుంది. అంత బరువున్న పడవను కిందికి దిగి ఉండే కీల్, పక్కల ఆనించిన నాలుగైదు ఊతకర్రలే నిలబెట్టాలి. బరువు కీల్ మీద కూర్చోవాలి. ఊతలు పడవ పక్కకు ఒరగకుండా చూడాలి తప్ప మోయకూడదు. ఒక ఊత బిగువెక్కితే ఆ చోట డొక్క లోపలికి నొక్కుకుపోతుంది. అందుకే లోపల అడ్డగోడ ఉన్నచోట చూసి ఊత పెడతారు.

ఈ ఎత్తుడు ఖర్చు తప్పించుకోవడానికి మనుషులు మొదట వాడుకున్నది సముద్రపు ఆటుపోట్లనే. పోటు మీద పడవను ఒడ్డుకు తెచ్చి వదిలేస్తే, నీరు తగ్గాక అది నేల మీద ఉంటుంది. తర్వాతి పోటు వచ్చేలోపు అడుగు గీకి రంగేసుకోవచ్చు. గుజరాత్‌లోని అలంగ్ తీరంలో నీరు పది మీటర్ల దాకా పెరిగి తగ్గుతుంది కాబట్టే భారీ ఓడలు సొంత ఇంజన్ మీద గట్టెక్కి, అక్కడే విడగొట్టబడుతున్నాయి. ఆంధ్ర తీరంలో ఆ తేడా రెండు మీటర్లు కూడా ఉండదు. చదును అడుగున్న నాటు పడవలకు అది చాలు. రెండు మీటర్ల లోతుకు దిగే కీల్ ఉన్న పడవకు మాత్రం చాలదు. గోదావరి పాయ మీది కోరంగిలో పెద్ద ఓడలకు కూడా మరమ్మతు జరిగేది. అలాంటి చోట్ల వాడిన ఉపాయం ఒకటుంది. ఒడ్డు బురదలో గుంట తవ్వి, పెద్ద పోటు రోజున ఓడను అందులోకి లాగి, మూతికి మట్టికట్ట వేసి, లోపలి నీళ్లు తోడేస్తారు. పని అయ్యాక కట్ట తెంపితే ఓడ మళ్లీ తేలుతుంది. 1839 నవంబరు తుపాను కోరంగి రేవును ధ్వంసం చేసింది. ఆ చుట్టుపక్కల తాళ్లరేవులో చెక్క ఓడలు కట్టే విద్య మాత్రం ఆ తర్వాత కూడా బతికింది.

ఉత్తర తెలంగాణలోని కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతానికి సముద్రం లేదు. పూటపూటకూ మారే ఆటుపోట్లూ లేవు. ఏడాదికి ఒక్కసారి వచ్చే పోటు మాత్రం ఉంది. పాత రెండు జిల్లాల మధ్య సరిహద్దుగా పారిన గోదావరి ధర్మపురి, మంథని మీదుగా వచ్చి కాళేశ్వరం దగ్గర ప్రాణహితను కలుపుకుంటుంది. వానాకాలంలో ఈ నది నీటిమట్టం ఎండాకాలం కంటే ఎన్నో మీటర్లు ఎత్తుకు పెరుగుతుంది. మాఘం దాటాక ఇసుక తిన్నెలు బయటపడతాయి. రేవు దాటించే నావలూ చేపల పడవలూ ఆ తిన్నెల మీదో ఒడ్డు మీదో బోర్లా పడుకుంటాయి. నీటిని అనుసరించి పడవను వదిలేస్తే ఎత్తుడు ఖర్చు సున్నా. ఉత్తర తెలంగాణలో తెరచాప పడవలకంటూ ఏర్పాటైన యార్డు లేదు గానీ, యార్డులో అతి ఖరీదైన యంత్రం చేసే పనిని ఇక్కడ నదే చేసిపెడుతుంది.

ఈ నదిని ఓడల దారిగా మార్చాలన్న ప్రయత్నం ఒకప్పుడు నిజంగానే జరిగింది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్, బేరారు పత్తిని గోదావరి మీదుగా తీరానికి చేర్చవచ్చని వాదించాడు. దారిలో మూడు రాతి అడ్డంకులు: దుమ్ముగూడెం దగ్గర ఒకటి, పాత కరీంనగర్ జిల్లా మూలనున్న ఇచ్చంపల్లి దగ్గర రెండోది, ప్రాణహిత మీద మూడోది. హేగ్ అనే సైనిక ఇంజనీరు ఆధ్వర్యంలో ఆనకట్టలు, పడవలు ఎక్కి దిగే లాకులు మొదలయ్యాయి. దుమ్ముగూడెంలో పని చాలావరకు పూర్తయింది. 1871లో ప్రభుత్వం పథకాన్ని ఆపేసింది. ఈలోగా రైలు వచ్చేసింది. పైగా నదిలో పడవ నడిచేంత నీరు ఏడాదిలో కొన్ని నెలలే ఉంటుంది. కాటన్ లెక్క తప్పిందనేవాళ్లు ఈ రెండో కారణాన్నే ఎత్తిచూపుతారు. నడపడానికి లోపమైన ఆ నీటి తగ్గుదలే బాగుచేయడానికి సదుపాయం కావడం ఈ నది స్వభావంలో ఉన్న విశేషం.

ఆ పథకం ఆగిపోయిన ఫలితం ఇప్పటికీ ఉంది. కాకినాడ నుంచి కీల్ పడవ గోదావరి ఎదురెక్కి మంథని చేరలేదు. ఆనకట్టలు, బరాజులు, రాతి వాలులు దారికి అడ్డం. కాబట్టి ఇక్కడి గట్టు రెండు రకాల పడవలకే పనికొస్తుంది: ఈ నదిలో, జలాశయాల్లో తిరిగేవి, లేదా ఇక్కడ నేల మీదే కట్టుకుని లారీ మీద సముద్రానికి తీసుకెళ్లేవి.

జలాశయాల కథ నది కంటే సులువు. కరీంనగర్‌ను ఆనుకుని ఉన్న దిగువ మానేరు డ్యామ్ పూర్తి నీటిమట్టం 920 అడుగులు, నిల్వ సుమారు 24 టీఎంసీలు. గోదావరి మీద శ్రీరాంసాగర్, ఎల్లంపల్లి, కడెం వాగు మీద కడెం ప్రాజెక్టు కూడా ఇలాంటివే. యాసంగి పంటకు నీళ్లు వదిలిన కొద్దీ అంచు వెనక్కి జరిగి, మెల్లని వాలుతో ఎకరాల కొద్దీ నేల తేలుతుంది. రెండు గుండ్రటి దుంగలు, ఒక ట్రాక్టరు, గట్టి మోకు ఉంటే చిన్న పడవను ఆ వాలు మీద కోరిన ఎత్తుకు లాగవచ్చు. ఈ శిఖం నేల ప్రభుత్వానిది. అందులో షెడ్డు వేస్తే ఆక్రమణే అవుతుంది. నీటిపారుదల శాఖ అనుమతితో, ఆ నీటి మీద హక్కున్న మత్స్య సహకార సంఘంతో మాట్లాడుకుని తాత్కాలికంగా నిలుపుకోవడమే దారి. గంగపుత్రులు, ముదిరాజ్‌లు తరాలుగా తెప్పలు, పుట్టులు, వలలు ఈ అంచు మీదే బాగుచేసుకుంటున్నారు. ఎక్కడ నేల గట్టి, ఎక్కడ కాలు దిగబడుతుంది అనేది వాళ్లను అడిగితే సర్వేయరు అక్కర్లేదు.

నేల సంగతి నిజంగానే మొదట తేల్చుకోవాల్సింది. ముథోల్, భైంసా వైపూ ఆదిలాబాద్ పడమటి భాగంలోనూ ఉన్నది నల్లరేగడి. దక్కన్ లావా రాయి అరిగి ఏర్పడిన ఈ మట్టిలో నీటిని పొరల మధ్యకు పీల్చుకుని ఉబ్బే బంకమన్ను ఎక్కువ. ఎండితే బెత్తెడు నెర్రెలు విచ్చే నేల ఒక్క పెద్ద వానకు ఉబ్బి మెత్తబడుతుంది. ఊతకర్ర కింద ఒక పక్క నేల దిగితే ఆరు టన్నుల పడవ ఒరుగుతుంది. పాత కరీంనగర్‌లో చాలామేరకు గ్రానైటు రాతి నేల మీద ఏర్పడిన ఎర్ర చెల్క ఉంది. అది నీటికి ఇంతగా ఉబ్బదు. నల్లరేగడి తప్పనిచోట జానెడు రెండు జానల మందాన మొరం పరిచి దిమ్మిస కొట్టి, దాని మీద పాత రైలు స్లీపర్ చెక్కలు అడ్డంగా వేసి, కీల్‌ను వాటి మీద కూర్చోబెట్టాలి.

ఎత్తు రెండోది. 2022 జులైలో గోదావరి పొంగి మంథనిలోకి నీళ్లు వచ్చాయి. అదే వారం కడెం ప్రాజెక్టు గేట్ల సామర్థ్యాన్ని మించిన వరదతో కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్లు ఖాళీ చేయించారు. ఇసుక తిన్నె మీద వదిలిన పడవకు మృగశిర కార్తె దాటితే పూచీ లేదు. పని అప్పటికి కాకపోతే పాత వరద గుర్తుల కంటే పైకి చేర్చాల్సిందే.

అలా చేర్చాలంటే, పెద్ద పడవ అయితే, యంత్రం కావాలి. ఈ విషయంలో ఉత్తర తెలంగాణ తీరప్రాంతపు చిన్న రేవుల కంటే మెరుగు. కరీంనగర్ గ్రానైటు క్వారీల నుంచి రాతి దిమ్మెలు రైలెక్కి కాకినాడ రేవుకు, అక్కడి నుంచి చైనాకు వెళ్లాయి. గ్రానైటు ఘనపు మీటరు సుమారు 2.7 టన్నులు. రెండున్నర ఘనపు మీటర్ల దిమ్మె బరువూ 36 అడుగుల పడవ బరువూ ఇంచుమించు ఒకటే. అలాంటి దిమ్మెలను రోజూ ఎత్తే క్రేన్లు, మోసే ట్రెయిలర్లు, ఆ బరువుల అంచనా చూపుతోనే కట్టే డ్రైవర్లు ఇక్కడున్నారు. గోదావరిఖని, రామగుండం, మంచిర్యాల వైపు గనులు, కరెంటు కేంద్రాల పుణ్యమా అని హైడ్రా క్రేను గంటల లెక్కన అద్దెకు దొరుకుతుంది. వెల్డింగు, లేతు పనులకూ కొదవ లేదు. రాతికీ పడవకూ ఒక్క తేడా ఉంది. దిమ్మెను ఇనప గొలుసుతో కట్టినా ఫరవాలేదు. పడవకు వెడల్పాటి నైలాన్ పట్టీలు రెండు కావాలి, అవి ప్రొపెల్లర్ గొట్టానికీ చుక్కానికీ తగలకుండా పడాలి, పైన వాటిని ఎడంగా ఉంచే అడ్డకమ్మీ ఉండాలి. అడ్డకమ్మీ లేకపోతే పట్టీలు పైకి వెళ్లేకొద్దీ దగ్గరికి వచ్చి పడవ పక్కలను నిమ్మకాయలా పిండేస్తాయి.

ఇక సరుకు. చెక్క పడవకు ఆదిలాబాద్ టేకు కంటే మంచి కలప దూరదేశంలో వెతకాల్సిన పని లేదు. జన్నారం, ఆసిఫాబాద్ అడవుల్లోని టేకు, ప్రాణహిత అవతల గడ్చిరోలి అడవుల టేకు ఒకే జాతి. చేవలో సహజమైన నూనె, శిలీంధ్రాలకూ చెదలకూ గిట్టని రసాయనాలు ఉంటాయి. అంతకంటే ముఖ్యం, తేమ మారినప్పుడు ఇది మిగతా గట్టి కలపల కంటే తక్కువగా ఉబ్బి కుంగుతుంది. దీనిలో ఉన్న ఇసుకపదార్థం వల్ల రంపం పళ్లు తొందరగా మొద్దుబారతాయి. ఏ వడ్లాయనను అడిగినా మొదట చెప్పేది ఆ మాటే. జిగురు వేసేముందు అతుకు ముఖాన్ని అసిటోన్‌తో తుడవకపోతే నూనె అడ్డుపడి ఎపాక్సీ పట్టదు. వంకర కర్రల చట్రానికి నల్లతుమ్మ బాగుంటుంది. వంపు తిరిగిన కొమ్మలు దానిలో సహజంగానే దొరుకుతాయి, వంచే శ్రమ తప్పుతుంది. తుమ్మలోని వగరు పదార్థం ఇనుప మేకును తినేస్తుంది కనుక అక్కడ రాగి మేకులే వాడాలి. అటవీ శాఖ డిపో వేలంలో కొన్న టేకుకు రశీదు, దుంగ మీద ముద్ర, రవాణా అనుమతి ఉండి తీరాలి. చవక అని చాటుమాటు కలప కొంటే పడవ మొత్తం జప్తయ్యే ప్రమాదముంది.

పలకల మధ్య సందుల్లో కుక్కడానికి కావాల్సింది నూలు. ఆదిలాబాద్ పత్తి జిల్లా కావడం ఇక్కడ కలిసొస్తుంది. మెలి తక్కువగా ఉన్న దూది పోగును మొద్దు ఉలితో సందులోకి దించి, పైన గుగ్గిలం నూనెలో కాచిన ముద్దనో, అవిసెనూనె కలిపిన సుద్ద పుట్టీనో పూస్తారు. పలకలు నీటికి ఉబ్బి ఈ నూలును నొక్కుతాయి. నీరు ఆగేది ఆ ఒత్తిడి వల్లే. ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా ప్రపంచాన్ని మొదట చుట్టిన రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ పడవ ‘సుహైలీ’ టేకుతో బొంబాయిలో కట్టింది. పొడవు 32 అడుగులు. 1968లో అట్లాంటిక్ మధ్యలో కీల్ పక్క సందులు తెరుచుకుని నీళ్లు రాసాగాయి. ఆయన సముద్రంలో దిగి, ఊపిరి బిగబట్టి, ఆ సందుల్లో నూలు కుక్కి, పైన రాగిరేకు కొట్టాడు. ఆ మరమ్మతు తర్వాత పడవ 1969 ఏప్రిల్‌లో ఇంగ్లండు చేరింది. యార్డు లేనిచోట కూడా పని నిలిచిందంటే దాని వెనక ఉన్నది మనిషి ధైర్యంతో పాటు ఆ నూలు, చెక్కల మధ్య ఉన్న పరస్పర ఒత్తిడి కూడా.

ఆ ఒత్తిడికి ఉత్తర తెలంగాణ ఎండ గొప్ప శత్రువు. నీటిలో నానిన పలకలో తేమ ముప్పై శాతం దాకా ఉంటుంది. 43, 44 డిగ్రీల వేసవిలో గట్టు మీద వదిలేస్తే అది ఎనిమిది శాతం కిందికి పడిపోతుంది. 15 సెంటీమీటర్ల వెడల్పు టేకు పలక రెండు మూడు మిల్లీమీటర్లు కుంగుతుంది. ఒక పక్కన పన్నెండు పలకలుంటే మొత్తం తేడా వేలెడు. నూలు ఊడి రాలుతుంది. అందుకే చెక్క పడవకు ఎండ తగలకుండా తాటాకు పందిరో టార్పాలినో వేసి, తడి గోనెసంచులు కప్పి, రోజూ నీళ్లు చల్లుతుండాలి. ఎండిపోయిన సందును మే నెలలో బిగించి కుక్కడం మరింత పొరపాటు: నీళ్లలోకి దిగాక పలకలు ఉబ్బి, చోటు చాలక, మేకులను పీకేస్తాయి.

ఇదే ఎండ బొబ్బలెక్కిన ఫైబర్‌గ్లాస్ పడవకు మేలు చేస్తుంది. బొబ్బలు గీకి తీశాక లోపలి నీరు ఆరాలి. గాలిలో తేమ నిత్యం ఎక్కువగా ఉండే తీరపు యార్డుల్లో దీనికి నెలలు పడుతుంది. చాలామంది ఆగలేక తడి మీదే పూత వేసి, రెండేళ్లకు మళ్లీ బొబ్బలు చూస్తారు. ఆదిలాబాద్ పొడి వేసవిలో ఆ ఆరడం చాలా త్వరగా జరుగుతుంది. తీరంలో ఎన్ని సదుపాయాలున్నా కొనలేనిది ఈ పొడిగాలే.

ఎపాక్సీ పనికి మాత్రం మధ్యాహ్నం వద్దు. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే జిగురు గట్టిపడే వేగం దాదాపు రెట్టింపవుతుంది. 25 డిగ్రీల దగ్గర అరగంట పనిచేయనిచ్చే మిశ్రమం 45 దగ్గర డబ్బాలోనే పొగలు కక్కుతూ గడ్డకడుతుంది. వెడల్పాటి పళ్లెంలో పలుచగా పరిచి వాడితే కొంత నయం. వానాకాలపు తేమలో పూత మీద జిడ్డు పొర కడుతుంది, దాన్ని నీళ్లతో కడగకుండా రెండో పూత వేస్తే ఊడిపోతుంది. పుష్యమాసపు తెల్లవారుజాముల్లో ఆదిలాబాద్‌లో పది డిగ్రీల కిందికి దిగే చలిలో జిగురు అసలు కదలదు. ఇవన్నీ తీసేస్తే మిగిలేది ముఖ్యంగా ఫిబ్రవరి, మార్చి నెలలు. నీరు తగ్గి పడవ గట్టెక్కేదీ సరిగ్గా అప్పుడే.

మంచినీటిలో ఉండే పడవకు కొన్ని ఖర్చులు అసలే లేవు. సముద్రపు గుల్లజీవులు, ఓడపురుగు మంచినీటిలో బతకవు కాబట్టి వాటిని చంపే ఖరీదైన రాగి రంగు అవసరం లేదు. ప్రొపెల్లర్ తుప్పు పట్టకుండా దాని బదులు తాను కరిగిపోయే లోహపు బిళ్లను మాత్రం మార్చాలి. ఉప్పునీటిలో జింకు బిళ్ల పనిచేస్తుంది. మంచినీటిలో విద్యుత్తు సరిగా పారక అది మొద్దుబారుతుంది, అక్కడ మెగ్నీషియం కావాలి. సముద్రానికి వెళ్లే ముందు మళ్లీ జింకు పెట్టకపోతే మెగ్నీషియం బిళ్ల కొద్ది వారాల్లోనే అరిగిపోతుంది.

తెరచాపల సంగతి చిన్నది. ఇప్పటి తెరచాపలు ఎక్కువగా పాలియెస్టర్‌వే. పాలియెస్టర్ బట్ట నేసే మరమగ్గాలు సిరిసిల్లలో వేల సంఖ్యలో ఉన్నాయి. తెరచాప బట్టకు మరింత బిగువైన నేత, రెసిన్ పట్టింపు అవసరం కాబట్టి అక్కడి మామూలు గుడ్డ నేరుగా పనికిరాదు. కప్పడానికి, సంచులకు మాత్రం భేషుగ్గా సరిపోతుంది.

ఇక్కడ కట్టిన పడవ సముద్రం చేరాలంటే వందల కిలోమీటర్ల రోడ్డు ప్రయాణం. మామూలు లారీ వెడల్పు పరిమితి 2.6 మీటర్లు. ఇరవై ఆరు అడుగుల లోపు పడవలు ఎక్కువగా ఆ హద్దులో ఇముడుతాయి. 36 అడుగుల పడవ మూడున్నర మీటర్ల వెడల్పు దాకా ఉంటుంది కనుక ప్రత్యేక అనుమతి, ముందూ వెనకా ఎస్కార్టు, కరెంటు తీగల కింద జాగ్రత్త తప్పవు. ఖర్చు మిగుల్చుకున్నదంతా అక్కడే కరిగిపోవచ్చు. కాబట్టి పెద్ద పడవకు తీరంలోని చిన్న యార్డే మేలు. హైదరాబాద్‌కు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య, విశాఖపట్నానికి చెందిన పాతర్లపల్లి స్వాతి సహా ఆరుగురు నౌకాదళ మహిళలు 2017-18లో ప్రపంచాన్ని చుట్టిన ‘తారిణి’ కూడా ఏ మహానగరపు షిప్‌యార్డులోనో పుట్టలేదు. గోవా నదీద్వీపం దివార్‌లోని చిన్న యార్డులో కట్టారు. దారిలో స్టీరింగు పాడైతే మారిషస్‌లో ఆగి బాగుచేసుకున్నారు.

చిన్న పడవ గల మనిషి ఉత్తర తెలంగాణలో చోటు ఎంచుకునేటప్పుడు చివరగా చూడాల్సింది నీడ, కరెంటు, కాపలా, నలభై నిమిషాల దూరంలో హార్డ్‌వేర్ దుకాణం. మొదటి రెండూ లేకుంటే పని సాగదు, మూడోది లేకుంటే ఇంజను మిగలదు. గీకిన రంగుపొడిని టార్పాలిన్ మీద పట్టి మూటగట్టాలి. దిగువ మానేరు నీళ్లు కరీంనగర్ తాగునీళ్లు కూడా.

పని ముగిశాక నీటిలోకి దింపడం ఎత్తడం కంటే నిదానంగా సాగాలి. చెక్క పడవ మొదటి రోజు కారుతుంది. అది మరమ్మతు లోపం కాకపోవచ్చు; పలకలు ఇంకా ఉబ్బలేదు, అంతే. పట్టీలు విప్పకుండా, పంపు నడుపుతూ, రెండు మూడు రోజులు లోతు తక్కువ నీటిలోనే ఉంచితే కారడం క్రమంగా తగ్గుతుంది. తగ్గకపోతే ఏ సందు నుంచి వస్తోందో లోపలి నుంచి సుద్దతో గీత గీసి, మళ్లీ గట్టుకు లాగాల్సిందే.